జీఆర్‌పీని జిల్లా పోలీసులో కలిపేస్తే ప్రయాణికుడికి ఒరిగేదేమిటి?

కావలి నుంచి ఒక తమ్ముడు రెండు సంగతులు కలిపి అడిగాడు. స్కాట్లాండ్‌లో రైల్వే పోలీసును అక్కడి మామూలు పోలీసులో కలుపుతూ చట్టం చేశారట, మన రాష్ట్రంలో కూడా అట్టాంటి బిల్లు తెచ్చి జీఆర్‌పీని (గవర్నమెంట్ రైల్వే పోలీసు, రైళ్లలో నేరాలు చూసే దళం) జిల్లా పోలీసులో కలిపేస్తే మంచిదే కదా అన్నది మొదటిది. రెండోది ఇంటి బాధ. ఉలవపాడు దాటాక కిటికీ పక్కన కూర్చున్న వాళ్లమ్మ మెడలో గొలుసు ఎవడో తెంపుకుపోయాడు. ఫిర్యాదు ఇవ్వబోతే ఒక స్టేషన్ వాళ్లు ఇంకో స్టేషన్‌కు పంపారు, వాళ్లు మరో చోటికి పొమ్మన్నారు. "అంతా ఒకే పోలీసు అయ్యుంటే మమ్మల్ని ఇట్టా తిప్పేవాళ్లా సార్?" అని ముగించాడు. అసలు ప్రశ్న అదే.

నేను రైల్వే పోలీసులో కానిస్టేబుల్‌గా చేరి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం గూడూరు, చీరాల మధ్యనే గడిచింది. మా డిపార్ట్‌మెంట్ మీద నాకు కొంత మమకారం ఉంటుంది, అంత మేరకు తగ్గించుకుని చదవండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: జీఆర్‌పీని జిల్లా ఎస్పీల కింద కలపడం నాకు సమ్మతం కాదు. కలిపితే మీ అమ్మగారిని తిప్పే స్టేషన్లు తగ్గవు, పెరుగుతాయి. అట్టాగని ఇప్పుడున్నది ఉన్నట్టే ఉండాలని కూడా నేను అనను.

ముందు స్కాట్లాండ్ సంగతి. మనదాకా సగం వార్తే వచ్చింది. బ్రిటన్‌లో ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్ మూడింటి రైళ్లకూ కలిపి బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీస్ అని ఒకే దళం ఉంది. ఖర్చులో పెద్ద వాటా రైలు కంపెనీలే కట్టాలి. స్కాట్లాండ్ 2013 ఏప్రిల్ 1న తన ఎనిమిది ప్రాంతీయ దళాలను కలిపేసి పోలీస్ స్కాట్లాండ్ అని ఒకటే చేసుకుంది. ఆ ఊపులోనే రైల్వే పోలీసును కూడా కలుపుకుందామనుకున్నారు. 2016 చట్టంతో ఆ అధికారం లండన్ నుంచి ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ సభకు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో బిల్లు పెట్టారు, 2017 జూన్ 27న సభలో నెగ్గింది. 2019 ఏప్రిల్ 1 నుంచి విలీనం అన్నారు. 2018 మొదట్లోనే ఆ తేదీకి కుదరదని తేలిపోయింది. ఆగస్టులో అప్పటి న్యాయశాఖ మంత్రి హమ్జా యూసఫ్ విలీనాన్ని నిలిపి వేరే దారులు చూస్తామన్నాడు. అక్కడితో ఆగింది. చట్టం పుస్తకంలో ఉంది, రైళ్లలో మాత్రం పాత ట్రాన్స్‌పోర్ట్ పోలీసులే తిరుగుతున్నారు.

ఎందుకు ఆగిందంటే, అక్కడ చిక్కొచ్చింది నేరాల దగ్గర కాదు. సిబ్బంది పింఛన్లు, సర్వీసు నిబంధనలు ఎట్టా మార్చాలి? రెండు దళాల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడేదెట్టా? గ్లాస్గోలో ఎక్కి లండన్‌లో దిగే రైల్లో సరిహద్దు దాటాక ఎవరి అధికారం చెల్లుతుంది? పట్టాల మీద మనిషి చనిపోతే లైను మళ్లీ తెరవడంలో ట్రాన్స్‌పోర్ట్ పోలీసుకున్న అలవాటు మామూలు పోలీసుకు వస్తుందా? ఇవన్నీ బిల్లు మీద చర్చలోనే లేచినవి. బిల్లు దాటాక కూడా అవి అట్టాగే మిగిలాయి.

కలిపి నిలబెట్టుకున్న చోటు కూడా ఉంది, అది న్యూయార్క్. అక్కడి మెట్రో రైళ్లకు వేరే పోలీసు దళం ఉండేది, 1995 ఏప్రిల్‌లో నగర పోలీసులో కలిపేశారు. అయితే కలిపాక ఆ మనుషులను ఊరంతా చల్లలేదు. నగర పోలీసులోనే ట్రాన్సిట్ బ్యూరో అని విడిగా ఒక విభాగం నడుపుతున్నారు, దానికి సొంత జిల్లాలు, సొంత అధికారులు. పైన బోర్డు మారింది, కింద పని చేసే చెయ్యి మారలేదు. విలీనం అనే మాట వినగానే ఈ తేడా అడగాలి.

ఇక మన దగ్గరికొస్తే, తమ్ముడి ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది. జీఆర్‌పీ ఇప్పటికే రాష్ట్ర పోలీసు. ఖాకీ అదే, డీజీపీ అదే. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా రెండో పద్దు చూడండి, పోలీసు అని రాసి, రైల్వే పోలీసూ గ్రామ పోలీసూ అందులోకే వస్తాయని పక్కనే చెప్పారు. రైల్వేలేమో కేంద్ర జాబితాలో 22వ పద్దు. రైలు కేంద్రానిది, రైల్లో జరిగే దొంగతనం రాష్ట్రానిది. ఈ గొడవంతా అక్కడే పుట్టింది. కాబట్టి జీఆర్‌పీని జిల్లా పోలీసులో కలపడమంటే స్కాట్లాండ్ చేసినంత పని కాదు. రైల్వే ఎస్పీ కింద ఉన్న స్టేషన్లను తీసి జిల్లా ఎస్పీ కింద పెట్టడమే. అసెంబ్లీ దాకా పోకుండా రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వులతోనే చాలా వరకు నడిచిపోయే పని. సులువు కాబట్టే జాగ్రత్తగా ఉండాలి.

నిజంగా వేరే దళం ఏదంటే ఆర్‌పీఎఫ్, అంటే కేంద్రం కింద ఉండే రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్. వెనకటికి రైలు కంపెనీలు తమ సామాన్ల కాపలాకు పెట్టుకున్న వాచ్ అండ్ వార్డ్ దాని మూలం. 1957లో చట్టం వచ్చింది, 1985 సవరణతో అది కేంద్ర సాయుధ బలగమైంది. రైల్వే ఆస్తి దొంగిలిస్తే 1966 చట్టం కింద వాళ్లే విచారించి కోర్టులో పెడతారు. కృష్ణపట్నం పోర్టు నుంచి వచ్చే వ్యాగన్లలో బొగ్గు దించుకున్నా, బిట్రగుంట యార్డులో ఇనుప సామాను ఎత్తుకెళ్లినా అది ఆర్‌పీఎఫ్ కేసు. 2003 సవరణ తర్వాత ప్రయాణికుల భద్రత కూడా వాళ్ల విధుల్లో చేరింది. ఊరికే చైను లాగడం, టికెట్ల బ్లాకు, ఆడవాళ్ల పెట్టెలో మగవాళ్లు ఎక్కడం, పట్టాలు అడ్డంగా దాటడం లాంటివి వాళ్లు పట్టుకుంటారు. గంజాయి సోదాలు, స్వాధీనం అధికారం 2019లో వచ్చింది. కానీ మీ ఫోను పోయినా, గొలుసు పోయినా, కత్తిపోటు జరిగినా ఎఫ్‌ఐఆర్ కట్టాల్సింది జీఆర్‌పీయే. ఆ అధికారం కూడా ఆర్‌పీఎఫ్‌కే ఇద్దామని ఢిల్లీలో ప్రయత్నం జరిగింది. 2012 ప్రాంతంలో పలువురు ముఖ్యమంత్రులు శాంతిభద్రతలు మావి అని గట్టిగా అడ్డుపడ్డారు, ఆ సవరణ ముందుకు పోలేదు. ఆర్‌పీఎఫ్‌ను రాష్ట్రంలో కలపాలంటే ఇక పార్లమెంటే 1957 చట్టాన్ని ఎత్తేయాలి. అది జరిగేది కాదు, దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

కలపడం వల్ల పోయేదేమిటో తెలియాలంటే జీఆర్‌పీ రోజంతా ఏం చేస్తుందో తెలియాలి. ప్రయాణికులకు కనిపించేది ప్లాట్‌ఫారం మీద లాఠీ, రాత్రి రైళ్లలో ఎస్కార్టు. మా పనిలో సగం కనిపించనిది. అది పట్టాల మీద శవాలు. రన్ ఓవర్ అంటాం. లోకో పైలట్ వాకీటాకీలో ముందు స్టేషన్‌కు చెప్తాడు, లేదా తెల్లారి పట్టాలు తనిఖీ చేసే కీమన్ చూస్తాడు. స్టేషన్ మాస్టర్ మెమో రాసిస్తాడు: ఫలానా కిలోమీటరు, ఫలానా కరెంటు స్తంభం నంబరు, అప్ లైనా డౌన్ లైనా. ఆ కాగితం పట్టుకుని హెడ్ కానిస్టేబుల్, ఒక కానిస్టేబుల్ బయల్దేరతారు. జీపు పోయే దారి ఉంటే ఆటో, లేకుంటే వచ్చిన రైలెక్కి దగ్గర స్టేషన్‌లో దిగి, టార్చి పట్టుకుని కంకర మీద నడక. అక్కడికి చేరాక ముందు చూసేది లైను. శవం పట్టాల మధ్య ఉంటే వెనకాల ఎన్ని రైళ్లు ఆగున్నాయో లెక్క, రైళ్ల రాకపోకలు నడిపే కంట్రోల్ ఆఫీసు నుంచి స్టేషన్ మాస్టర్‌కు ఫోన్ల మీద ఫోన్లు. ఫొటోలు తీసి, కొలతలు వేసుకుని, శవాన్ని పక్కకు చేర్చి లైను వదలాలి. అట్టాగని కంగారులో ఆనవాళ్లు చెరిపేయకూడదు, ఎందుకంటే అది ఆత్మహత్యో, జారిపడ్డమో, ఎవరో చంపి పడేసిందో అప్పటికి తెలియదు.

ఆ చివరి మాటే ఈ పనిలో నేర్చుకోవాల్సింది. బండి తగిలిన దెబ్బ ఒక రకం, ముందే చచ్చిన మనిషి మీదుగా బండి పోయింది ఇంకో రకం. నెత్తురు ఎంత పడింది, చెప్పులు ఎక్కడున్నాయి, ఒంటి కింద కంకర కదిలిందా లేదా, బట్టలు ఎటు లాగబడ్డాయి, ఇవన్నీ పాత హెడ్ కానిస్టేబుళ్లు కొత్తవాళ్లకు అక్కడే వంగి చూపిస్తారు. పోలీసు ట్రైనింగ్ కాలేజీలో ఇది ఇంత వివరంగా రాదు. ఆ తర్వాత పంచనామా. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్పీసీలో 174 కింద చేసేవాళ్లం, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194. జేబులో టికెట్టు లేదు, ఫోను లేదు అంటే మార్చురీలో పెట్టి, ఫొటో అన్ని స్టేషన్లకూ పంపి, బంధువుల కోసం చూడటం, ఎవరూ రాకపోతే దహనమో ఖననమో మనమే చూడటం. దిక్కులేని శవానికి మోసే మనుషులను వెతుక్కోవడం కూడా రైల్వే పోలీసు డ్యూటీలోదే. దీనికి మెడల్స్ రావు. విజయవాడ, గూడూరు మధ్య మూడో లైను వస్తోంది, పట్టాలు దాటే పల్లెల జనానికి ఇంకో గీత ప్రమాదం కలిసింది.

ఇదే పని ఒక మండల పోలీస్ స్టేషన్‌కు అప్పగించారనుకోండి. ఎస్సై అప్పుడే ఏదో ఊళ్లో పొలం గట్టు తగాదా దగ్గరో, మంత్రిగారి పర్యటన బందోబస్తులోనో ఉంటాడు. పట్టాల మీద శవం అంటే అతనికి పదో పని. అతను చెడ్డవాడని కాదు, అతని లెక్కలో రైలు ఆగిందనేది లేదు. మా స్టేషన్‌లో అయితే ఆ రోజు అదే మొదటి పని.

2012 జులై 30 తెల్లవారుజామున తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ నెల్లూరు దగ్గర కాలిపోయింది, 30 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు సిటీ పోలీసు, ఫైరు, రెవెన్యూ, ఆస్పత్రి అందరూ వచ్చారు, రాకుండా జీఆర్‌పీ ఒక్కటే మోసే బరువు కాదది. విలీనం కావాలనేవాళ్లు ఈ ఘటననే చూపిస్తారు, పెద్ద ప్రమాదం వస్తే ఎట్టాగూ జిల్లా పోలీసే దిగాలి కదా అని. నిజమే. కానీ మంటలు ఆరాక మిగిలే పని చూడండి. రిజర్వేషన్ చార్టుతో మనుషుల లెక్క సరిపోల్చడం, చార్టులో పేరు ఒకటి బెర్తులో పడుకున్న మనిషి ఇంకొకరు అయితే తేల్చడం, ఏ స్టేషన్‌లో ఎవరు దిగారో ఎవరు ఎక్కారో టీటీఈలను అడిగి రాబట్టడం, గుర్తుపట్టలేని దేహాలకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చే బంధువులతో మాట్లాడటం. రైలు ఎట్టా నడుస్తుందో తెలిసినవాడే ఆ ప్రశ్నలు వేయగలడు.

మీ అమ్మగారి గొలుసు దగ్గరికి ఇప్పుడు వస్తాను, ఎందుకంటే హద్దుల సంగతి ఇక్కడే ఉంది. మా లైనులో మూడు పటాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఆర్‌పీఎఫ్ రైల్వే డివిజన్ హద్దు ప్రకారం నడుస్తుంది. గూడూరు జంక్షన్‌లో నిలబడితే ఉత్తరానికి విజయవాడ డివిజన్, దక్షిణానికి దక్షిణ రైల్వే చెన్నై డివిజన్, రేణిగుంట వైపు గుంతకల్లు డివిజన్. జీఆర్‌పీ రాష్ట్ర హద్దు ప్రకారం నడుస్తుంది. సూళ్లూరుపేట, తడ చెన్నై డివిజన్‌లో ఉన్నా అక్కడ నేరం జరిగితే ఆంధ్రా జీఆర్‌పీది, తడ దాటి ఆరంబాక్కం చేరితే తమిళనాడు రైల్వే పోలీసుది. తమిళనాడు రేషన్ బియ్యం మూటలు సీట్ల కింద పెట్టి ఇవతలికి తెచ్చేవాళ్లకు ఈ పటాలన్నీ మాకంటే బాగా తెలుసు. ఇక మూడోది జిల్లా పోలీసు పటం. అది మండలాల ప్రకారం ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేయండి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే బండి పది నిమిషాల్లో దాదాపు 18 కిలోమీటర్లు దాటుతుంది. మీ అమ్మగారు నిద్రలోంచి ఉలిక్కిపడి, మెడ తడుముకుని, అరిచి, పక్కవాళ్లు లేచి, ఎస్కార్టు పోలీసు వచ్చేసరికే అంత దూరం అయిపోతుంది. జీఆర్‌పీలో ఒక స్టేషన్ పరిధి పదుల కిలోమీటర్ల లైను. ఎటు తిప్పినా ఒకటి రెండు స్టేషన్లలో తేలిపోవాలి. అదే లైనును మండల పోలీస్ స్టేషన్లకు పంచేస్తే ఆ 18 కిలోమీటర్లలో మూడు నాలుగు స్టేషన్ల హద్దులు తగులుతాయి. "మా హద్దులో జరగలేదమ్మా" అనడానికి ముగ్గురు నలుగురు దొరుకుతారు. పైగా జిల్లా గీతలు నిలకడగా ఉండవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు చీరాల ప్రకాశం నుంచి బాపట్లకు పోయింది. రైలు పట్టా మాత్రం అట్టాగే ఉంది, దాని మీద జీఆర్‌పీకి హద్దు తగాదా రాలేదు. రెండు దళాలు ఉండటం వల్ల మిమ్మల్ని తిప్పారని మీరనుకుంటున్నారు. కేసు నంబరు తన రిజిస్టరులో పడకూడదనుకునే రైటరు, అతన్ని అడగని ఎస్సై ఉండటం వల్ల తిప్పారు. ఆ జబ్బు జిల్లా స్టేషన్లలో లేదా? మీ ఊళ్లో బండి పోయినప్పుడు ఫిర్యాదు ఇచ్చినవాళ్లను అడగండి.

జిల్లా పోలీసు వైపు న్యాయం లేదనను. కావలి, ఒంగోలు మధ్య రాత్రిపూట దోపిడీలు జరిగే తీరు తెలిసిందే. సిగ్నల్‌కు ఏదో చేసి ఎర్ర దీపం పడేలా చేస్తారు, బండి ఆగుతుంది, కిటికీల్లోంచి గొలుసులు లాగుతారు, చీకట్లో పొలాలకు అడ్డంపడి పోతారు. పక్కనే జాతీయ రహదారి 16, అక్కడ బండి సిద్ధంగా ఉంటుంది. రైల్లో ఉన్న ఇద్దరు ఎస్కార్టు పోలీసులు దిగి వెంటపడితే రైలు కదిలిపోతుంది, పెట్టెల్లో జనానికి కాపలా లేకుండా పోతుంది. అక్కడ పట్టుకోగలిగింది హైవే మీద గస్తీ తిరిగే జిల్లా పోలీసే. టోలు గేటు కెమెరాలు, పాత నేరస్థుల కదలికలు, ఊళ్లలో సమాచారం ఇచ్చేవాళ్లు, వాహనాలు, అన్నీ వాళ్ల దగ్గరే. మా స్టేషన్లకు సొంత జీపు ఉండటమే గొప్ప. ఇంత దగ్గరగా ఉండి కూడా కబురు ఫోన్ల మీద, పరిచయాల మీద నడుస్తుంది. అవతలి ఎస్సై మన బ్యాచ్‌మేట్ అయితే పావుగంటలో నాకాబందీ పడుతుంది, కాకపోతే తెల్లారుతుంది. దీనికి మందు కావాలి. విలీనమే మందు కాదు.

డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరు గానీ అసలు పట్టు అక్కడే ఉంది. జీఆర్‌పీ ఖర్చు రాష్ట్రం సగం, రైల్వే సగం పెట్టుకుంటాయి. ఆ సగం దేనికి ఇస్తున్నారంటే, లెక్క రాసిన ఇన్ని పోస్టులకు, రైల్వే పనికే అని. అందుకే కొత్త పోస్టు కావాలంటే రెండు వైపులా ఒప్పుకోవాలి, ఫైలు రెండు చోట్ల నిద్రపోతుంది. ఇది మాకు ఎప్పుడూ ఉన్న గోడే. కానీ కలిపేశాక ఏమవుతుంది? కావలి కానిస్టేబుల్ పొద్దున కూడలిలో ట్రాఫిక్ చూసి, సాయంత్రం ప్లాట్‌ఫారం మీద నిలబడితే అతని జీతంలో సగం రైల్వే ఎందుకు ఇవ్వాలి? ఆడిట్ వాళ్లు మొదటి ఏడాదే అడుగుతారు. రాష్ట్రం ఉన్న సొమ్ము పోగొట్టుకుని మొత్తం బరువు నెత్తికెత్తుకుంటుంది. బిల్లు పెట్టే పెద్దలు రైల్వే బోర్డు నుంచి రాతపూర్వకంగా హామీ తెచ్చుకున్నారా అన్నదే నేను మొదట చూసే కాగితం.

తర్వాత మనుషులు. నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ వస్తే లక్షల మంది జనం. జిల్లా పోలీసు మొత్తం అక్కడే, పక్క జిల్లాల నుంచి కూడా తెస్తారు. అదే రోజుల్లో రైళ్లు కూడా కిటకిటలాడతాయి, దొంగలకు కూడా అది పండగే. ఇప్పుడు జీఆర్‌పీ వాళ్లు విడిగా ఉన్నారు కాబట్టి ప్లాట్‌ఫారం మీద మిగులుతారు. ఒకే రోల్‌కాల్‌లోకి వచ్చాక ఎస్పీగారు ఎవర్ని ముందు లాగుతారు? ఎన్నికలు, పెంచలకోన ఉత్సవాలు, ముఖ్యమంత్రి సభ, ఏది వచ్చినా రైల్వే బీటు పెన్నా కాలువ చివరి ఆయకట్టు అయిపోతుంది, పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితే నీళ్లు. ఆ ఎస్పీని తప్పుపట్టలేం. సభలో తొక్కిసలాట జరిగితే ఆయన ఉద్యోగం పోతుంది, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పర్సు పోతే పోదు.

విలీనం అంటే మన జనానికి వెంటనే గుర్తొచ్చేది ఆర్టీసీ. 2019లో చట్టం చేసి 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకున్నారు. జీతానికి భరోసా వచ్చింది, అది చిన్న సంగతి కాదు. కానీ బస్సు ఎక్కేవాడికి ఆ రోజు నుంచి ఏం మారింది? పింఛను, వైద్యం మీద ఉద్యోగ సంఘాల విన్నపాలు తర్వాత కూడా సాగాయి. ఉద్యోగి పేరు ఏ శాఖలో ఉందన్నది ఉద్యోగికి సంబంధించిన ప్రశ్న, బస్సు టైముకు వస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. పోలీసులోనూ అంతే. కానిస్టేబుల్ సీనియారిటీ యూనిట్ వారీగా లెక్క. జిల్లాలో కలిపిన రోజు జీఆర్‌పీ హెడ్ కానిస్టేబుల్ ఆ జిల్లా జాబితాలో ఎక్కడ నిలబడతాడు? ఇద్దరికీ అన్యాయం జరిగిందని ఇద్దరూ కోర్టుకు పోతారు. ఆ కేసులు తేలేదాకా ప్రమోషన్లు ఆగుతాయి, రాత్రి ఎస్కార్టుకు పోయేవాడికి మనసుండదు.

అయితే ఏం చేయాలి అంటారు కదా. నా చేతికి కలం ఇచ్చి బిల్లు రాయమంటే జీఆర్‌పీని ముట్టుకోను, ఈ నాలుగు మాటలు రాయిస్తాను. రైల్లో జరిగిన నేరం మీద ఫిర్యాదు ఏ యూనిఫాం వాడి చేతికి ఇచ్చినా, అది ఆర్‌పీఎఫ్ అయినా జిల్లా పోలీసు అయినా, అదే నిమిషం కంప్యూటరులో జీఆర్‌పీకి చేరాలి, ప్రయాణికుడు మళ్లీ నడవకూడదు. లైను పక్కన ఉన్న ప్రతి మండల స్టేషన్‌కూ జీఆర్‌పీ వైర్‌లెస్ సెట్టు ఉండాలి, రాత్రి గస్తీ బండి ఏ గేటు దగ్గర ఉండాలో ఇద్దరూ కలిసి రాసుకోవాలి. రైల్వే పోస్టుల్లో ఉన్నవాళ్లను బందోబస్తుకు లాగాలంటే రైల్వే ఎస్పీ సంతకం కావాలి. ఖాళీలు భర్తీ చేయడానికి గడువు పెట్టి, గడువు దాటితే రైల్వే వాటా సొమ్ముతో హోంగార్డులనైనా పెట్టుకోనివ్వాలి. ఇందులో మొదటి రెండింటికి చట్టం కూడా అక్కర్లేదు, ఇద్దరు ఎస్పీలు, ఒక ఆర్‌పీఎఫ్ అధికారి ఒక గదిలో కూర్చుంటే చాలు. కూర్చుంటారు కూడా, నెలకో మీటింగు జరుగుతుంది, టీ బిస్కెట్లు వస్తాయి. మినిట్సులో రాసింది కిందికి దిగదు, అంతే.

ఎప్పటికైనా ప్రభుత్వం కలిపే తీరుతానంటే న్యూయార్క్ పద్ధతిలో కలపమనండి. డీజీపీ కింద రైల్వే విభాగం చెక్కుచెదరకుండా, దాని పోస్టులు, దాని డబ్బు, దాని మనుషులు విడిగా ఉంచి, వైర్‌లెస్, కంప్యూటర్, దర్యాప్తు మాత్రం కలపండి. అంత వరకైతే నాకు పేచీ లేదు.

ఇక మీ అమ్మగారి కేసు. తమ్ముడూ, బిల్లు వచ్చేదాకా ఆగే పని లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, వాళ్లు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి సరైన స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో పోయి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా మీ చేతికి ఇవ్వాలి. ఇంకా కట్టకపోతే ఫిర్యాదును రైల్వే ఎస్పీ పేరుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అదే సెక్షన్‌లో ఆ దారి కూడా ఉంది, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు. ఈసారి ఇట్టాంటిది జరిగితే దిగేదాకా ఆగకండి. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోను చేయండి, టీటీఈ దగ్గర గానీ గార్డు దగ్గర గానీ ఎఫ్‌ఐఆర్ ఫారం అడిగి రైల్లోనే రాసివ్వండి.

ఫిర్యాదులో బండి నంబరు, పెట్టె, బెర్తు, టికెట్టు కాపీ ఎట్టాగూ పెడతారు. వీటితోపాటు బండి నడుస్తుండగా లాగాడా, ఆగి ఉండగా లాగాడా అన్నది స్పష్టంగా రాయండి. ఆగి ఉంటే ఎంతసేపు ఆగింది, సముద్రం వైపా హైవే వైపా, టైము ఎంత అన్నదీ రాయండి. టైము తెలిస్తే కంట్రోల్ చార్టులో బండి ఎక్కడుందో తేలుతుంది. సిగ్నల్ ఊరికే ఎర్రబడిందా, ఎవడైనా చెయ్యి పెట్టాడా అన్నది స్టేషన్‌లో సిగ్నళ్ల కదలికలు నమోదు చేసే డేటా లాగర్ రికార్డు చూస్తే తెలుస్తుంది, దాన్ని తెప్పించమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. చాలామంది అడగరు. గొలుసు తెంపుకుపోవడానికి ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 304 అని విడిగా సెక్షన్ ఉంది. గొలుసు లాగడానికి దెబ్బ కొట్టి ఉంటే అది దోపిడీ కిందికి, 309లోకి వెళ్తుంది, శిక్ష పెద్దది. కాబట్టి మెడ మీద గాయానికి అప్పుడే ఆస్పత్రిలో చూపించి ఉంటే ఆ చీటీ జతచేయండి. గొలుసు బిల్లు లేకపోయినా కంగారు పడకండి. అమ్మగారు అది వేసుకుని దిగిన పెళ్లి ఫొటో ఒకటి వెతికి పెట్టండి, సొత్తు దొరికిన రోజు గుర్తుపట్టడానికి అదే అక్కరకొస్తుంది.